తొదోసియా కోపం

జూన్ ఆఖర్లో పేతురు పండుగ వెళ్ళిందంటే ఈజా లోయలో గడ్డి కోతలు మొదలవుతాయి. మంచు ఆరకముందే మగవాళ్ళు కొడవళ్ళతో కోసుకుంటూ పోతే, ఆడవాళ్ళు చెక్క దంతెలతో తిరగేసి ఆరబెడతారు. మబ్బు కనబడితే ఎవరో ఒకరు తొదోసియా కోసం పరిగెత్తుతారు. ఆమెకు కోపం ఉన్నంతసేపూ ఆమె నిలబడ్డ గడ్డినేల మీద చినుకు పడదు. అందుకని ఆమెను తమ నేలలో నిలబెట్టి, నోటికొచ్చినట్టు తిట్టి, గడ్డి వామి వేసుకుంటారు. తర్వాత ఓ గ్లాసు పళ్ళసారా చేతిలో పెట్టి పంపేస్తారు. అప్పటికి ఆమెలో కోపం మిగలదు, సొంత గడ్డి మాత్రం నాని నల్లబడుతుంది. సిగ్గులేని జనం.

అందరిలోకీ నోరున్నవాడు ఆమె చచ్చిపోయిన మొగుడి అన్న గ్రిగొరే. మేత లేక ఆమె పోయినేడు ఆవును అమ్ముకుంది. ఒక పెయ్య మిగిలింది. ఈసారీ గడ్డి కుళ్ళితే అదీ పోతుంది. ఆమె గ్రిగొరే ఇంట్లో వంటకు చేరాలి, నేల అతని పాలవుతుంది. ఆ సంగతి అతను చర్చి ముందు నవ్వుతూ చెప్పాడు కూడా.

ఆ రోజు ఇద్దరి గడ్డీ నేల మీదే ఉంది. మధ్యాహ్నం మబ్బు కమ్మింది. గ్రిగొరే ఆమె నేల కంచె దగ్గరికొచ్చాడు.

"రావే, మా గడ్డి పరిచి ఉంది."

"నాదీ పరిచే ఉంది బావగారూ."

"నీ జానెడు నేలకి ఇంత గోలా? నీ చేతి సంకటి తినలేకే మా తమ్ముడు తొందరగా పోయాడు."

ఇదివరకైతే ఆమె ఏడుస్తూ వెంట వెళ్ళేది. ఈసారి కదల్లేదు. వాన దిగింది. గ్రిగొరే గడ్డి ముద్దయిపోయింది. ఆమె నేల మీద చుక్క పడలేదు. ఇన్నేళ్ళ మాటలూ గుర్తొచ్చి ఆమె ఒళ్ళంతా మండిపోతోంది.

తన గడ్డి పోయాక ఆమెది మాత్రం ఎందుకుండాలి అనుకున్నాడు గ్రిగొరే. టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"తప్పయిపోయింది తల్లీ. ఇన్నేళ్ళూ నిన్ను ఏడిపించి బతికాం. నువ్వు లేకపోతే మా పశువులు లేవు."

ఆ మాట ఆమెతో ఇంతవరకూ ఎవరూ అనలేదు. కోపం సడలింది. దంతె మీద ఒక చినుకు పడింది, గడ్డి మీద నాలుగు పడ్డాయి. ఆమె తడికళ్ళతో అతని వైపు తిరిగింది.

అతను ఆమెను చూడటం లేదు. ఆమె గడ్డి మీద ఎన్ని చినుకులు పడుతున్నాయో చూస్తున్నాడు.

చినుకులు ఆగిపోయాయి. తొదోసియా దంతె అందుకుని గడ్డి పోగెయ్యడం మొదలుపెట్టింది.

"నువ్వు బంగారానివమ్మా," అన్నాడు గ్రిగొరే, ఇంకాస్త గట్టిగా.

"అలా అంటూనే ఉండండి బావగారూ," అంది తొదోసియా. "ఇంకా రెండు కుప్పలు వెయ్యాలి."