డేక్షాలో మామగారు

మా నాయన చెంచయ్యకు మా ఆయన ప్రసాద్ అంటే గిట్టదు. పడవ ఎక్కడం రాదు, వల విసరడం రాదు, చేపలో ముల్లు తీసుకోవడం కూడా నేనే నేర్పాను. పైగా మాది మాకు మేమే ఇష్టపడి చేసుకున్న పెళ్లి. ఇన్నేళ్లయినా నాయన నోట "అల్లుడు" అన్న మాట రాలేదు. "ఆ కంపెనీ అబ్బాయి వచ్చినాడా?" అంటాడు, కరెంటు మీటరు చూసే మనిషి గురించి అడిగినట్టు. ఆ ఒక్క మాట అనిపించుకోవాలని మా ఆయన ప్రాణం కొట్టుకుంటుంది.

మొన్న నాయన ఊరి చేపల సంఘానికి పెద్దగా ఎన్నికయ్యాడు. సన్మానం పెట్టారు. అందరూ శాలువాలు కొంటుంటే, తడలో ప్లాస్టిక్ కంపెనీలో పనిచేసే మా ఆయన ఇంట్లో ఉన్న త్రీడీ ప్రింటరు మీద నాయన తలకాయ అచ్చు తీశాడు. ఆ యంత్రం ప్లాస్టిక్‌ను సన్నటి పొరలుగా పేర్చి బొమ్మ చేస్తుంది. మీసంతో సహా అచ్చం నాయనే. కాకపోతే ముఖం నిండా పొరల గీతలు, దువ్వెనతో గీకినట్టు.

"అసిటోన్ ఆవిరి పట్టిస్తే పైపొర కరిగి నున్నగా వస్తుంది," అన్నాడు.

దానికి మూతున్న పెట్టె కావాలి. మా అమ్మ అంకాలమ్మ పులుసు కాచే తన పెద్ద డేక్షా ఇచ్చింది. నేను గాక ఇంట్లో మా ఆయన పక్షం ఆమె ఒక్కతే. మిద్దె మీద, పొయ్యికి దూరంగా, డేక్షా లోపల చుట్టూ కాగితాలు అంటించి, గోళ్ల రంగు తుడిచే ఆ మందుతో తడిపాడు. నడుమ నాయన్ని కూర్చోబెట్టి మూత బిగించాడు. కాసేపటికి తీసి చూసి, "ఇంకో పావుగంట చాలు," అన్నాడు.

అమ్మ ఊరుకుంటేగా!

"పావుగంటేంది అబ్బయా! చేపల పులుసు రాత్రంతా ఊరితేనే గదా ముక్కకు పట్టేది. మూత తియ్యబాక. తెల్లారి చూడు."

ప్లాస్టిక్ మీదే జీతం తినే మనిషి, కాదనొచ్చు గదా? అత్త మాట జవదాటితే ఉన్న ఒక్క ఓటూ పోతుందని మూత మళ్లీ బిగించాడు. నాకు ఒళ్లు మండింది. కానీ నెల్లూరులో పుట్టి పులుసు విషయంలో అమ్మను ఎలా తప్పుపట్టను?

తెల్లారి మూత తీశాం. నున్నగానే ఉంది. మీసం గడ్డం దాకా జారి రెండు పక్కలా వేలాడుతోంది. ముక్కు పెదవి మీద కూలబడింది. నోరు చెవుల దాకా సాగింది. అచ్చం మీసాల జెల్ల చేప.

"పులుపు ఎక్కువైనట్టుండాది," అంది అమ్మ.

సన్మానం ఆ సాయంత్రమే, మళ్లీ అచ్చు తీసే వ్యవధి లేదు. మా ఆయన సన్మానానికి రానన్నాడు. అమ్మేమో అప్పటికే బొమ్మ సంగతి ఊరంతా టాంటాం వేసింది. తప్పక వెంటబెట్టుకుని వెళ్లాం. మైకులో ఆయన పేరు పిలిచారు. వేదికెక్కి, గుడ్డ కప్పిన బొమ్మను అందించాడు. నాయన గుడ్డ లాగాడు.

జనం విరగబడి నవ్వారు. నాయన మీద పోటీచేసి ఓడిన గిరిబాబు మైకు లాక్కున్నాడు.

"ఎవుర్రా ఈ కంపెనీ అబ్బాయి? సంఘం పెద్దను జెల్లను చేసినాడు! కిందికి దించండ్రా!"

మా ఆయన తలొంచుకుని మెట్ల వైపు తిరిగాడు. నాకు ఏడుపొచ్చింది. నాయన ముఖం ఎర్రబడింది.

"గిరీ, మైకు ఇట్టియ్యి," అన్నాడు. "నా అల్లుడు నన్ను జెల్లను చేస్తాడు, రొయ్యను చేస్తాడు. నడమ నీకేంది?"

మా ఆయన చెయ్యి పట్టి లాగి తన పక్క కుర్చీలో కుదేశాడు. "ఇంటికి పద, నీ సంగతి చెప్తా," అని పళ్లు నూరాడు. మైకు ఆపలేదు గనక ఆ మాటా ఊరంతా వింది. మా ఆయన మాత్రం పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతూ కూర్చున్నాడు.