నారప్ప బదులు

పురుగుమందు కొట్టే ట్యాంకు నాజిల్‌ను విప్పి నోట్లో పెట్టుకొని గట్టిగా ఊదాడు నారప్ప. రాలేదు. తిప్పి పెట్టుకొని మళ్ళీ ఊదాడు. గడ్డకట్టిన తెల్లటి మందు తునక ఒకటి అరచేతిలో పడింది. దాన్ని లుంగీకి తుడిచి, పక్కకు ఉమ్మేసి, నాజిల్‌ను గొట్టం చివర బిగించబోయాడు. మర కలవలేదు. వేళ్ళు జారాయి. మళ్ళీ జారాయి. ఎవరైనా చూస్తున్నారేమోనని తలెత్తాడు.

నీలమ్మ చూస్తోంది. పచ్చిక అంచున గొంతుక్కూర్చుని కలుపు తీస్తున్న మనిషి, కుర్పీ ఆపి మరీ చూస్తోంది.

“మల్ల నోరు పెట్టినవా అన్నా?”

“పొడిచే సన్నతీగె యాడనో పడిపోయింది.”

“తీగె పడిపోలే. నీకు సబర్ పడిపోయింది, ఓపికే లేదు.”

అతను నవ్వి, ఆమెకు వీపు తిప్పి నిలబడి, నాజిల్‌ను కడుపుకు ఆనించుకొని బిగించాడు.

కృష్ణ ఒడ్డున, కరెంటు తయారుచేసే కంపెనీ ఉద్యోగుల కాలనీ అది. గోడ అవతల పొగగొట్టాలు. రాత్రంతా రాలిన సన్నటి బూడిద తెల్లవారేసరికి క్రోటన్ల మీద, మందార కంచెల మీద పిండిలా పరుచుకొని ఉంటుంది. బూడిద మీద మందు నిలవదు. అందుకని నారప్ప చిక్కసూగూరు నుంచి సైకిల్ మీద పొద్దున్నే వచ్చి, ముందు ఆకులు కడుగుతాడు. అవి ఆరాక మందు కొడతాడు. తోటపని కాంట్రాక్టు ఎందరి చేతులు మారినా ఈ పని మాత్రం అతని చేతిలోనే ఉండిపోయింది. కాంట్రాక్టరు మారిన ప్రతిసారీ కొత్త టోపీ ఇస్తారు. ట్యాంకు పాతదే ఇస్తారు.

సన్నటి మనిషి. భుజాల మీద ట్యాంకు పట్టీలు ఒరిసిన చోట రెండు నల్లటి చారలు పడ్డాయి. చొక్కా విప్పినా పట్టీలు తగిలించుకున్నట్టే కనిపిస్తాడు. ట్యాంకు కారే చోట, నడుము పైన, చర్మం పొలుసులుగా లేస్తుంది. ఈ ఎండాకాలం మొదలైనప్పటి నుంచి చేతులు వణుకుతున్నాయి. అతను ఎవరికీ చెప్పనిది కళ్ళ సంగతి. మందు కొట్టిన రోజున, నడినెత్తిన ఎండ కాస్తున్నా, లోకమంతా పొద్దుగూకుతున్నట్టు మసకబారుతుంది. మర్నాటికి తేటపడుతుంది. తేటపడగానే మళ్ళీ ట్యాంకు ఎత్తుకుంటాడు.

ఆ రోజు తోటపని షెడ్డు ముందు గుడ్డ బ్యానరు కట్టారు. భద్రతా వారోత్సవం. కంపెనీ దవాఖానాకు కొత్తగా వచ్చిన డాక్టరు కిరణ్మయి తోటపనివాళ్ళందరినీ పరీక్ష చేస్తుందని ముందురోజే చెప్పారు. పోయిన ఏడు ఇలాంటి పరీక్షలోనే, చూపు సరిగా లేదని నింగప్పను పక్కకు నిలబెట్టారు. నీ క్షేమం కోసమే అని చెప్పి గేటు పాసు తీసుకున్నారు. అతను దేవదుర్గ దగ్గరి తన ఊరికి పోయి, అక్కడ పనిలేక బెంగళూరుకు ఇటుకలు మొయ్యడానికి వెళ్ళాడని తర్వాత తెలిసింది.

నారప్పకు పోయేది పాసు ఒక్కటే కాదు. పనితోపాటు వచ్చిన దవాఖానా కార్డు కూడా పోతుంది. ఆ కార్డు మీదే అతని భార్య తాయమ్మకు రాయచూరులో వారం వారం డయాలిసిస్ జరుగుతోంది. పొద్దున అతను బయలుదేరుతుంటే ఆమె మంచం మీద నుంచే అడిగింది.

“ఇయ్యాల డాక్టరమ్మ చూస్తదంట గద. నీ చేతుల సంగతి చెప్తవా?”

“చూస్త.”

“చూస్త గాదు. చెప్పు.”

అతను సైకిల్‌ను బయటికి తీశాడు. ఆమె ఉబ్బిన పాదాలు దుప్పటి బయటికి వచ్చి ఉన్నాయి. వెనక్కి వెళ్ళి వాటి మీద దుప్పటి కప్పి, ఏమీ అనకుండా వచ్చేశాడు.

టీ వేళకు సూపర్‌వైజర్ గురుప్రసాద్ షెడ్డులోని అద్దాల బీరువా తెరిచాడు. అందులో పసుపు కోటు, మోకాళ్ళ దాకా వచ్చే బూట్లు, రబ్బరు చేతితొడుగులు, కళ్ళద్దాలు, రెండువైపులా గుండ్రటి డబ్బీలున్న మాస్కు ఉన్నాయి. మొత్తానికి ఒకే జత. సోమవారం సోమవారం అందరూ వంతులవారీగా అవే తొడుక్కొని ఫొటోలు దిగుతారు. ఫొటోలు కంపెనీకి వెళతాయి, సామగ్రి బీరువాలోకి వెళుతుంది. ఒక వైశాఖంలో నారప్ప పట్టుబట్టి వాటిని తొడుక్కొనే మందు కొట్టాడు. చెమటకు అద్దాలు మసకలు కమ్మాయి, ఊపిరి ఆడలేదు, కాలువ గట్టు మీంచి జారి పడ్డాడు. మళ్ళీ అడగలేదు. తడి తువ్వాలు ముక్కుకు కట్టుకుంటాడు.

“పెండ్లికొడుకు బట్టలు బైటికొచ్చినయ్” అన్నాడు హనుమప్ప. గడ్డి కోసే మిషను నడిపేవాడు. నారప్పను మామ అని పిలుస్తాడు, చుట్టరికం ఏమీ లేదు. “మామా, చాయ్ తాగుతున్నవా, చెట్లకు పోస్తున్నవా?”

నారప్ప గ్లాసులో సగం టీ నేల మీద ఉంది. గ్లాసు కింద పెట్టి చేతులు చంకల్లో దాచుకున్నాడు. హనుమప్ప నవ్వు ఆపేశాడు.

“గిట్ల ఉంటే ఆమె ముందట నిలవడవు మామా.”

“ఎర్కనే.”

హనుమప్ప బీరువా వైపు చూశాడు, నీలమ్మ వైపు చూశాడు. గొంతు తగ్గించాడు. “నేను ముందుగాల నా మొకంతోని పోత. చూపించుకొని వస్త. ఆఖరున గా బట్టలేస్కొని నీ పేరు మీద పోత. మాస్కుల ఉన్నోడు ఎవరైతే ఏంది? ఇద్దరం ఒక్క తీరె ఎండిపోయినం.”

“తప్పు గద రా” అంది నీలమ్మ. “ఆయన రోగం ఆమెకెట్ల తెలుస్తది?”

“తెలిస్తే నింగప్ప లెక్క ఇటుకలు మోస్తడు. తాయమ్మత్తను నువ్వు వోయి చూస్కుంటవా?”

నీలమ్మ కొంగుతో నేల మీద టీ మరకను తుడిచింది.

గురుప్రసాద్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు. సింధనూరు వైపు ఆంధ్రా రైతుల క్యాంపులో పుట్టి పెరిగినవాడు. ఇంకా తాత్కాలిక ఉద్యోగమే అతనిది. “నాకేం చెప్పమాకండి. చెబితే నాకు తెలిసినట్టవుద్ది” అన్నాడు. బీరువా తాళంచెవి బల్ల మీద పెట్టి, డాక్టరుకు ఎదురువెళ్ళాడు.

కిరణ్మయి చిన్న వయసు మనిషి. ఒక్కొక్కరినీ పేరడిగి కూర్చోబెట్టింది. నీలమ్మ మోకాళ్ళు చూసి, కూర్చునే పీట ఒకటి ఇప్పించమని గురుప్రసాద్‌తో చెప్పింది. హనుమప్పను చెవులకు ఏం పెట్టుకుంటావని అడిగింది. “బీడీ పెట్టుకుంట డాక్టరమ్మా” అంటే అందరూ నవ్వారు, ఆమె కూడా నవ్వింది.

నారప్ప షెడ్డు వెనక, కిటికీ కింద, మందార చెట్ల చాటున నిలబడ్డాడు. లోపలి మాట ప్రతిదీ వినిపిస్తోంది.

“మందు కొట్టే ఆయన ఎవరు?”

“నారప్పండీ. డ్యూటీ సామగ్రితోనే వస్తాడు, మీరు చూసినట్టూ ఉంటది.”

బూట్లు టకటకమన్నాయి. కుర్చీ కిర్రుమంది.

“చేతితొడుగులు తీసి చేతులు చాపండి. ఈ కాగితం వేళ్ళ మీద పెడుతున్నాను. అలాగే ఉంచండి.” ఆగింది. “బాగుంది. కదలడం లేదు. అద్దాలు పైకెత్తండి. కళ్ళు కూడా బాగున్నాయి. పెట్రోలు వాసన వస్తోందే మీ చేతికి?”

మాస్కులోంచి ఊఁ అన్న శబ్దం వచ్చింది.

“చూడు నారప్పా,” అంది ఆమె. గొంతు మెత్తబడింది. “ఇన్నేళ్ళుగా ఈ పని చేస్తున్నవాళ్ళకు చేతులు వణకడం, చూపు మసకబారడం మామూలుగా వస్తుంది. నీకు రాలేదు, సంతోషం. ఎప్పుడైనా వస్తే దాచుకోవద్దు. నాకు చెప్పు. మందు పని మాన్పించి నీళ్ళు పెట్టే పనికి మార్చమని నేను రాస్తాను. పని పోదు. మొన్ననే కంపెనీ పెద్దాయనతో మాట్లాడి ఒప్పించాను. పోయిన ఏడు ఎవరినో పంపించేశారట, అలా జరగనివ్వను.”

నారప్ప చేయి గోడ మీద ఉంది. గోడ వేడిగా ఉంది. మొక్కలకు నీళ్ళు పెట్టడం ఎలా ఉంటుందో అతనికి తెలుసు. మొదట్లో అదే పని చేశాడు. పొద్దున పైపు పట్టుకొని నిలబడితే తడిమట్టి వాసన వచ్చేది. చెట్ల చాటునుంచి బయటికి వచ్చి, షెడ్డు చుట్టూ తిరిగి తలుపు దాకా వెళ్ళాడు.

“అర్థమైందా నారప్పా?” అని లోపల గురుప్రసాద్ అడుగుతున్నాడు.

పసుపు కోటు తల ఊపింది.

నారప్ప తలుపు పక్కనే ఆగిపోయాడు. కాసేపటికి వచ్చిన దారినే వెనక్కి నడిచాడు.

డాక్టరు వెళ్ళాక హనుమప్ప మాస్కు లాగేసి, చెమట కారుతున్న ముఖంతో వచ్చాడు. “మస్తు తందురుస్తుగున్నవ్ మామా. ఇంకో పెండ్లి చేస్కోవచ్చు.” ఎవరూ నవ్వలేదు. అతను కోటు గుండీలు విప్పుకుంటూ నిలబడ్డాడు. “ఇంకోటి గూడ చెప్పింది.”

“ఇన్న.”

“మరి పోదాం పా. ఇప్పుడే చెప్దాం.”

“ఏమని చెప్పాలె? నారప్పను నేనంటే, కుర్చీల కూసున్నోడెవడని అడగదా? నీ పాసు పోతది. గురుప్రసాద్ నౌకరి పోతది. తాళం బల్ల మీద పెట్టింది ఆయనే.”

“రేపు దవాఖానకు పోదాం. నేనే కాళ్ళు పట్టుకుంట.”

“రేపు తాయమ్మది డయాలిసిస్ ఉన్నది. ఎల్లుండి పోతం.” ఆ మాట అన్నాక అతని ముఖం కొంచెం తేలికపడింది. “ఎల్లుండి నుంచి నీళ్ళ పనే. సుమ్నె గమ్మున ఉండు, ఫికర్ చెయ్యకు.”

మధ్యాహ్నం గురుప్రసాద్ వచ్చి అతిథి గృహం ముందు మందార కంచె చూపించాడు. కొమ్మల నిండా తెల్లటి పిండినల్లి. “ఈ ఒక్కటీ కొట్టెయ్ నారప్పా. సాయంత్రం పెద్దోళ్ళు ఇటే నడుస్తారు.” అతని కళ్ళలోకి చూడకుండానే చెప్పాడు. బీరువాకు అప్పటికే తాళం పడింది.

“నేను కొడత సార్” అన్నాడు హనుమప్ప.

“గ్రౌండు గడ్డి ఎవరు కోస్తారు? వారోత్సవం సభ అక్కడే.”

నారప్ప ట్యాంకు ఎత్తుకున్నాడు. నది వైపు గాలి ఒక దిక్కున నిలవడం లేదు. కంచె ఈ వైపు నుంచి కొడితే ముఖానికి వచ్చింది. ఆ వైపుకు వెళ్ళాడు. గాలీ తిరిగింది. తువ్వాలు తడిసి ముక్కుకు అతుక్కుంది. నోట్లో నీళ్ళు ఊరుతుంటే ఉమ్మేస్తూ కొట్టాడు. అతని కళ్ళకు వెలుగు తగ్గిపోయింది. కంచె చివరిదాకా కొట్టి, ఆకుల అడుగు భాగం మిగిలిందని మళ్ళీ మొదటికి వచ్చి వంగాడు.

నీలమ్మ దూరంనుంచి చూసింది. అతను అతిథి గృహం అరుగు నీడలో, వీపున ట్యాంకుతోనే కూర్చున్నాడు. అలసి కూర్చున్నాడనుకుంది. ఒక బారు కలుపు తీశాక మళ్ళీ చూసింది. అలాగే ఉన్నాడు, తల మాత్రం పక్కకు వాలి ఉంది. “అన్నా” అని పిలిచింది. కుర్పీ వదిలేసి పరుగెత్తింది.

కిరణ్మయి వచ్చేసరికి అతన్ని నేల మీద పడుకోబెట్టి ఉన్నారు. కనురెప్ప ఎత్తి చూసింది. లోపల నల్లగుడ్డు మధ్య పాప మందు విషానికి ముడుచుకుపోయి ఆవగింజంత ఉంది. ఛాతీ మీద రెండు చేతులూ పెట్టి చాలాసేపు నొక్కింది. తర్వాత నొక్కడం ఆపి, అలాగే మోకాళ్ళ మీద ఉండిపోయింది.

“ఎవరీయన? పొద్దున రాలేదే?”

“నారప్ప” అంది నీలమ్మ.

“నారప్పను నేను చూశాను. చేతులు చాపించి చూశాను.”

గురుప్రసాద్ నేల వైపు చూస్తున్నాడు. గ్రౌండులో మిషను ఆగిపోయింది. హనుమప్ప జనాన్ని తోసుకుంటూ వచ్చి నారప్ప పక్కన కూలబడ్డాడు. గడ్డి, గ్రీజు అంటిన తన చేతులు రెండూ ఆమె ముందుకు చాపాడు.

“నువ్వు చూసిన చేతులు గివి అమ్మా.”

ఆ చేతులు ఇప్పుడు వణుకుతున్నాయి. ఆమె వాటినే చూస్తూ ఉండిపోయింది. దూరాన సభ మైకులో ఎవరో పాట పెట్టారు, ఎవరో వెళ్ళి ఆపించారు.

అంబులెన్సు అతన్ని తడి బట్టలతోనే తీసుకుపోయింది. హనుమప్ప దానితో వెళ్ళాడు. తాయమ్మకు చెప్పడానికి ఎవరో ఒకరు వెళ్ళాలి. నీలమ్మ వెళతానంది. కాళ్ళకున్న మట్టి కడుక్కుందామని పంపు గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసింది. తలుపు వెనక మేకుకు, ఇంటికి వెళ్ళేటప్పుడు నారప్ప తొడుక్కునే ఉతికిన చొక్కా వేలాడుతోంది. మెడ గుండీ పెట్టే ఉంది, జేబులో కాగితం చుట్టిన అరిగిన సబ్బు ముక్క.