పొడుగాటి దుంప

అమ్మ పని రాళ్లను చూడటం. నేల మీది రాళ్లు కాదు, భూమికి దగ్గరగా వచ్చి దూసుకుపోయే రాళ్లు. ఎంత పెద్ద టెలిస్కోపులో చూసినా ఆ రాయి ఒక చుక్కే. ఆకారం కనపడదు. అందుకని దాన్ని పక్కనున్న నక్షత్రంతో పోల్చి, వెలుగు ఎప్పుడు పెరుగుతోందో ఎప్పుడు తగ్గుతోందో కొలుస్తుంది.

మొన్నటి రాయి వెలుగు బాగా పెరిగి తగ్గింది. అమ్మ పొడుగాటి బంగాళాదుంపకు పుల్ల గుచ్చి, దీపం ముందు తిప్పి చూపించింది. వెడల్పు వైపు మనకు తిరిగితే వెలుగు ఎక్కువ, కొస తిరిగితే తక్కువ. రాయి కూడా ఇలాగే పొడుగ్గా ఉందే అంది.

బడిలో నేను నోరు విప్పను. హాజరు కూడా గొంతులోనే పలుకుతాను. అలాంటిదాన్ని ఆ దుంప పట్టుకుని బడి మొత్తం ముందు నిలబడి చెప్పాను. హెడ్మాస్టరు చప్పట్లు కొట్టారు. నా పక్క సీటు పిల్ల, "నీ దుంపతెగ, ఇన్నాళ్లూ ఈ మాటలన్నీ ఎక్కడ దాచావే?" అంది. ఆ రోజు నుంచి అందరూ నన్ను దుంపా అనే పిలుస్తున్నారు. నాకు బాగానే ఉంది.

శనివారం మధ్యాహ్నం అమ్మతో ఆఫీసుకు వెళ్లాను. రాయి దూరమైపోయేలోగా పెద్ద టెలిస్కోపు ఎవరికివ్వాలో తేల్చే మీటింగ్ అది. రాయి వింతగా ఉంది కాబట్టి అమ్మకే ఇస్తారని అందరూ అనుకుంటున్నారు. మీటింగ్‌కు లేచే ముందు అమ్మ, పోల్చడానికి తీసుకున్న నక్షత్రాన్నే ఇంకో రెండు నక్షత్రాలతో పోల్చి చూసింది. చూసి కుర్చీలో వెనక్కి వాలిపోయింది. పెరిగి తగ్గుతున్నది ఆ నక్షత్రం వెలుగేనట. రాయి వెలుగు కాదు. పోల్చే నక్షత్రం నిలకడైనదో కాదో ముందే చూసుకోవాలి. కొత్తగా చేరినవాళ్లకు మొదట నేర్పేది అదేనట. హడావిడిలో అమ్మ చూసుకోలేదు.

నాకు ఆ చప్పట్లు గుర్తొచ్చాయి.

"ఎవరూ చూడలేదు కదమ్మా. చెప్పకు," అన్నాను.

తిట్టినా బాగుండేది. కాస్త జరగమని చెప్పి, కాగితాలు బల్ల మీదే వదిలేసి మీటింగ్ గదిలోకి వెళ్లిపోయింది.

తలుపు ఓరగా ఉంది. అమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. గొంతు మామూలుగానే ఉంది, చివర్లో మాత్రం ఒకసారి దగ్గింది. వాళ్ల డైరెక్టరు, "రాయిని చూడమ్మా అంటే పక్కింటివాళ్లను చూసొచ్చావా," అన్నాడు. అందరూ నవ్వారు. టెలిస్కోపు ఇంకొకరికి ఇచ్చారు.

వాళ్లు బయటికి వస్తుంటే, ఆమె కూతుర్నని తెలియకూడదని బీరువా వెనక్కి జరిగాను. కింద నా చెప్పులు అమ్మకు కనపడ్డాయి. వచ్చి నా సంచి తన భుజానికి తగిలించుకుంది. బస్సులో ఆమె వైపు చూడలేక కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాను.

ఇంటికొచ్చాక బుట్టలో గుండ్రటి దుంప కోసం వెతికాను. సోమవారం బడిలో తప్పు దిద్దుకోవాలి. వెలుగు మారకపోతే రాయి గుండ్రంగా ఉన్నట్టేగా అని, దొరికినదాన్ని అమ్మకు చూపించాను.

"అదీ వద్దు," అంది అమ్మ ఉల్లిపాయలు తరుగుతూ. "పొడుగు దుంపనే బల్ల మీద పడుకోబెట్టి, గిరగిరా తిప్పి పైనుంచి చూడు. అప్పుడూ వెలుగు మారదు. ఏ ఆకారమో ఇంకా తెలియదని చెప్పు."

"మరి చేతిలో ఏం పట్టుకోనమ్మా?"

"ఇవాళ నేనేం పట్టుకున్నాను?"

దుంపను బుట్టలో పడేసి, ఆమె పక్కన కూర్చుని ఇంకో కత్తి తీసుకున్నాను.