తలుపు అవతల నుంచి తీసిన ఫొటో

ఆపరేషన్ నాలుగింటికి. అక్క మొహం ఇలా ఉండేది ఇంకా రెండు గంటలే.

దవడలో గడ్డ. ఎముకతో సహా తీసేస్తామన్నాడు డాక్టరు. ఆరేళ్లుగా కెమెరా కనిపిస్తే ఆమడ దూరం పారిపోయిన అక్క, ఇవాళ తనే అడిగింది. "ఒక్కటి తియ్యవే. ఒక్కటే."

స్టూడియోలో పాస్‌పోర్టు ఫొటోలు తీసే చెల్లెలు, మంచి లెన్సు కోసం ఆఘమేఘాల మీద ఊరి అవతలి కెమెరా దుకాణానికి పరిగెత్తింది. ముసలి దుకాణదారు మూడు పాత లెన్సులు బల్ల మీద పెట్టాడు: ముప్ఫై అయిదు, యాభై, ఎనభై అయిదు మిల్లీమీటర్లవి.

"వాడి చూసి నచ్చితేనే కొను. ఫొటో తీసే గది ఎంతమ్మా?"

"మొహం తియ్యడానికి గది కొలతెందుకు బాబాయ్? ఎనభై అయిదివ్వండి."

"దానికి వెనక్కి జరిగే చోటుండాలి. ముప్ఫై అయిదుతో మీద పడి తీస్తే ముక్కూ దవడా ఉబ్బుతాయి. యాభై పట్టుకెళ్లు, నా మాట విను."

వినలేదు. స్టూడియో నేల మీద అంటించిన టేపు దగ్గర నిలబడే పదేళ్లుగా ఫొటోలు తీస్తోంది. గదులకు గోడలు అడ్డొస్తాయన్న సంగతే మర్చిపోయింది.

ఆసుపత్రి గదిలో వీపు గోడకు తగిలింది. అయినా ఫ్రేములో గడ్డే నిండిపోయింది. "దుకాణం బాబాయ్ యాభై లెన్సే పట్టుకెళ్లమన్నాడు," అని గొణుక్కుంది చెల్లెలు. అక్క చటుక్కున అరచెయ్యి అడ్డం పెట్టుకుంది.

"గోడ పగలగొడతావా ఏంటే?"

"నోరు ముయ్యక్కా."

"నోరు మూయించడానికేగా తీసుకెళ్తున్నారు!"

నర్సు తొంగిచూసింది. "పది నిమిషాలే."

మళ్లీ దుకాణానికి వెళ్లొచ్చే టైము లేదు. చెల్లెలు తలుపు బార్లా తెరిచి, వెనక్కి నడుస్తూ వరండాలోకి వెళ్లిపోయింది.

"ఎక్కడికే, నన్నొదిలేసి?" అక్క చెయ్యి దించి, మెడ సాచి చూసింది.

అప్పుడే చెల్లెలు వెనకాల దుప్పట్ల బండిని గుద్దుకుంది. మెత్తగా అందులో కూలబడింది. అక్క పగలబడి నవ్వింది, నోరంతా తెరిచి.

దుప్పట్లలోంచే కెమెరా నొక్కింది చెల్లెలు.

కెమెరా తెర మీద ఫొటోను అక్క చాలాసేపు చూసింది.

"గడ్డ కనపడుతోందే."

"ఉందిగా మరి."

"సర్లే. ఇదుంచు."

స్ట్రెచర్ కదిలింది. చెల్లెలు పక్కనే నడిచింది.

"ఆ లెన్సు ఇచ్చెయ్యి," అంది అక్క. "ఆ యాభయ్యేదో తెచ్చుకో."

"నీకెందుకు అవన్నీ?"

"ఇంటికొచ్చాక రోజూ తీస్తావుగా. ప్రతిసారీ వరండాలోకి పోతానంటే ఊరుకోను. పక్కన కూర్చుని తియ్యి."

ఆపరేషన్ గది తలుపు మూసుకుంది. చెల్లెలు కళ్లు తుడుచుకుని ఫోను తీసింది.

"బాబాయ్, ఆ యాభై ఎవరికీ ఇవ్వకండి."