ఎవరి కోసం ఆగుతున్నారండీ

మినప్పప్పు పొట్టు కడుగుతుంటే మా ఆయన రాత్రి అన్న మాటే చెవిలో తిరుగుతోంది. "శ్రుతిపెట్టె ఒక్కటుంటే నా కథ నడిచిపోద్ది. ఇంట్లో మనిషివని నిన్ను తీసుకెళ్తున్నానంతే."

ఆయన నాగదుర్గారావు, హరికథలు చెప్తారు. పెళ్లయినప్పటి నుంచి వెనక కూర్చుని ఫిడేలు వాయించేది నేను. శాలువా ఆయనకి, అది మడతపెట్టే పని నాకు.

తాడేపల్లిగూడెం స్కూల్లో మ్యూజిక్ టీచరు తేజస్వి, ఉంగుటూరులో ఆయన కథ చెప్పినప్పుడు నా ఫిడేలు విని, మా ఊరు గుండుగొలను వెతుక్కుంటూ వచ్చింది. తమతో కలిసి వాయించమంది. స్ట్రింగ్ క్వార్టెట్టట, నాలుగు తీగ వాయిద్యాల కచేరీ. రెండు ఫిడేళ్లు, ఫిడేలు కన్నా కాస్త పెద్దది ఒక వయోలా, ఇంకా పెద్దది ఒక చెల్లో, పాడేవాళ్లుండరు. ఆ సంగీతం రాసింది ఎమీలీ మేయర్ అనే జర్మనీ ఆవిడ, నూట యాభై ఏళ్ల పైమాట. ఇలాంటివి చాలా రాసిందట, పోయాక జనం మర్చిపోయారట. ఆమె పెళ్లి చేసుకోలేదని చెప్తే మా అత్తగారు వెంకటనరసమ్మ నవ్వారు. "అదీ సంగతి! అత్తా మొగుడూ ఉంటే ఒక్క ముక్కయినా రాసేదా?" ఎగతాళికే అన్నారు గానీ, ఆవిడ నోట అంత నిజం నేనెప్పుడూ వినలేదు.

తేజస్వి ఫోన్లో పంపింది విని నా సరిగమల్లో రాసుకున్నాను. తీరా ప్రాక్టీసులో, నా వంతు వచ్చిన ప్రతిసారీ వెనకబడ్డాను. చేతకాక కాదు. పాడేవాళ్లు ఎటు పోతారో చూసి వెంట్రుకవాసి వెనక వెళ్లడం పక్కవాద్యానికి అలవాటు. తేజస్వి కమాను దించి, "ఎవరి కోసం ఆగుతున్నారండీ కుసుమగారూ?" అంది.

ఆ మాట నాతోపాటు ఇంటికొచ్చింది. ఆయన తినేదాకా అన్నం గిన్నె దగ్గర ఆగుతాను. మాట్లాడబోయి, ఆయన మొహం చూసి ఆగుతాను. తరవాతి ప్రాక్టీసులో ఆగలేదు. నాలుగు వాయిద్యాలూ ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ పోతుంటే, ఎవరి వెనకా ఎవరూ లేరు.

శనివారం సాయంత్రం ఏలూరులో మా కచేరీ. అదే పూట ఆయనకి ద్వారకా తిరుమలలో కథ కుదిరింది. "రానని వాళ్లకి ఫోన్ చేసి చెప్పెయ్," అన్నారు. నేను చెయ్యలేదు.

శనివారం మధ్యాహ్నం దొండకాయ వేపుడు దించి, కంచం పెట్టుకుని ముందు నేను తిన్నాను.

"మగాడింకా తినందే!" అన్నారు అత్తగారు గుమ్మంలోంచి.

"వేడిగా ఉందండీ. వడ్డించుకోమనండి."

చెయ్యి కడుక్కుని ఫిడేలు పెట్టె భుజాన వేసుకున్నాను.

"మరి నా వెనకెవరు?" అన్నారాయన.

శ్రుతిపెట్టె తెచ్చి ఆయన ముందు పెట్టాను.

"నిండా చార్జింగ్ పెట్టానండీ."