ఎస్సై అతికిన పడుగు

ధర్మవరంలో మా గుంత మగ్గం కింద సారా కుండలు దాచామని 1958లో ఎవరో ఎస్సై గంగాధరప్పకు ఖబురు చేరవేశారు. మద్యనిషేధం రోజులవి. ఖబురిచ్చినవాడి ముక్కు తప్పేమీ లేదు. పడుగు దారాలకు పెట్టే గంజి రెండు రోజులు పులిస్తే, ఆ వాసనకు బత్తలపల్లి దాకా కాకులు తూలుతాయి.

ఎస్సై వచ్చేసరికి నేను మగ్గంలో కూర్చుని కమలాక్షి పెళ్ళిచీర నేస్తున్నాను. పెళ్ళికొడుకును నేనే. సొంత చేత్తో నేసిన చీర తేనివాడికి పిల్లనివ్వనని, పెనుకొండలో ఆమె నాయన లక్ష్మీనారాయణ ముందే చెప్పాడు. మాఘంలో ముహూర్తం.

"గుంతలో ఏముండాది?" అన్నాడు ఎస్సై.

"నా కాళ్ళు సార్."

"కాళ్ళ కింద?"

"భూమి సార్. దాని కింద వేరే దేశమోళ్ళు."

ఆయన నవ్వలేదు. గుంతకు అడ్డమొచ్చిన పడుగు పోగులను కత్తితో ఒక్క కోత కోసి, గుంత తవ్వించాడు. పోయినేడు పోయిన నా దువ్వెన, ఒక కప్ప దొరికాయి. వెంట వచ్చిన కానిస్టేబులు కప్పను వాసన చూశాడు. తాగలేదని తేలింది.

"నాదేం తప్పప్పా? ఖబురిచ్చినోడు చెప్పినాడు" అన్నాడు ఎస్సై.

"వాడెవరు సార్?"

"చెప్పకూడదు."

నేను పెనుకొండ కోర్టుకెక్కాను. సగం న్యాయం కోసం, సగం కమలాక్షి ఇల్లు కోర్టు వీధిలోనే ఉందని.

జడ్జిగారు ఎస్సైని అడిగారు. "ఖబురిచ్చినవాడి పేరు మాకొద్దు. పడుగు కొయ్యమని వాడు చెప్పాడా?"

"లేదండీ. కుండలుండాయన్నాడు."

"అయితే కత్తి మీది, కోత మీది. నష్టమూ మీదే."

ఎంత కావాలని నన్నడిగితే, "దుడ్లొద్దు స్వామీ, తెగిన పోగులు ఆయన చేత్తో అతికితే చాలు" అన్నాను. రాజీ రాశారు.

నాలుగు వేల పోగులు. వేళ్ళకు బూడిద రాసుకుని ఒక్కో పోగునూ మెలేసి అతకాలి. మొదటి రోజు ఎస్సై పదకొండు అతికాడు, అందులో ఒకటి తన చొక్కా గుండీకి.

మా అవ్వ రామాంజినమ్మ పక్కనే కూర్చుంది. "పోగును లాఠీ మాదిరి పట్టుకుంటాండావే. పసిబిడ్డ చేతి ఏలనుకో నాయనా."

పదో రోజుకు ఆయన అవ్వనే తొందరపెట్టసాగాడు. "మాఘం వస్తాండాది, బిరీన కానీ అవ్వా."

చీర మగ్గం దిగింది. పెనుకొండకు ఆయనే నాతో బయల్దేరాడు. లక్ష్మీనారాయణ చీరను వెలుతురుకు పట్టి, ఒకచోట వేలు ఆపాడు.

"ఈడ అతుకులుండాయే. అంతా నీ చేతిదేనా అబ్బీ?"

నేను ఎస్సై వైపు చూశాను.

"నేసిందంతా ఈయప్పే. అతుకులు నావి, కోసింది నేనే కాబట్టి" అన్నాడు ఎస్సై.

"నీకెవరు చెప్పినారు సార్?" అన్నాడు లక్ష్మీనారాయణ.

"ఎవరూ చెప్పలేదు. పక్కనే కూర్చొని చూసినా."

లక్ష్మీనారాయణ అతుకుల మీద ఇంకోసారి వేలు నడిపాడు. తర్వాత చీర మడిచి చంకలో పెట్టుకుని, "కాళ్ళు కడుక్కోండప్పా, బువ్వ తిందాం" అన్నాడు.

లోపల కమలాక్షి అప్పటికే ఆకులు వేసేసింది.