మేస్త్రీ మాట మీద

అద్దాల ఫ్యాక్టరీలో కొలిమి మేస్త్రీ మాటంటే అందరికీ గురి. రిటైరయ్యాక వచ్చిన సొమ్మంతా ఆయన అల్లుడి చేత మ్యూచువల్ ఫండులో పెట్టించాడని తెలియగానే, ఆయనతోపాటే పనిలోంచి దిగిపోయిన బక్కోడూ వెనకాముందూ చూడలేదు.

"నువ్వు పెట్టావుగా అన్నా. ఇంక నాకు చదివి చెప్పేదేముంది?" అంటూ చూపించిన చోటల్లా సంతకం పెట్టేశాడు.

అల్లుడు దాచిందేమీ లేదు. "పెరిగితే బాగా పెరుగుతుంది మామయ్యగారూ, పడితే పడుతుంది కూడా. ఆపదకి కొంత బ్యాంకులో అట్టే పెట్టండి," అని మొదట్లోనే చెప్పాడు. ఆ ముక్క బక్కోడి దాకా చేరలేదు. మంచి మాటల మధ్య ఎందుకులే అని మేస్త్రీ మింగేశాడు.

కొన్నాళ్లు బాగానే పెరిగింది. "అంతా నీ చలవే అన్నా," అని బక్కోడు అంటుంటే మేస్త్రీ ఛాతీ ఉబ్బేది. తర్వాత మార్కెట్టు కుప్పకూలింది. సరిగ్గా అప్పుడే బక్కోడి భార్యకు కిడ్నీలు చెడ్డాయి.

బక్కోడు వచ్చి గుమ్మంలోనే నిలబడ్డాడు. తిడతాడనుకుని మేస్త్రీ గుండె దిటవు చేసుకున్నాడు.

"ఇప్పుడు తీస్తే సగమే వస్తుందట. తియ్యకపోతే మీ మరదలికి డయాలసిస్ ఎలా? ఏం చెయ్యమంటావన్నా?"

"పడొచ్చని మా అల్లుడు ముందే చెప్పాడురా," అన్నాడు మేస్త్రీ, నేల చూపులు చూస్తూ. "నేనే నీ చెవిన వెయ్యలేదు."

బక్కోడు గుమ్మం మీదే చతికిలబడ్డాడు. "సర్లే అన్నా. ఇప్పుడేం చెయ్యాలో చెప్పు. నాకు అడగడానికి ఇంకెవరున్నారు?"

తన డబ్బులోంచి కొంత ఇద్దామని మేస్త్రీ లోపలికి చూశాడు. భార్య తల అడ్డంగా ఊపింది. ఆవిడ మాత్రం ఏం చేస్తుంది, వాళ్ల ముసలితనమూ అందులోనే ఉంది.

"తీసెయ్," అన్నాడు చివరికి.

ఆ సగమూ ఆస్పత్రిలో మంచులా కరిగిపోయింది. చలికాలం దాటకుండానే ఆమె పోయింది. ఆ తర్వాత మార్కెట్టు లేచింది. తియ్యకుండా ఉంచిన మేస్త్రీ డబ్బు మునుపటంతా అయింది. అల్లుడు ఫోన్లో సంబరంగా చెబుతుంటే ఆయన మధ్యలోనే పెట్టేశాడు.

బక్కోడు మళ్లీ ఫ్యాక్టరీలో చేరాడు, పగిలిన గాజు ఊడ్చే పనికి. మేస్త్రీ గేటు దగ్గర కాపు కాసి, ఒక కవరు అతని జేబులో కుక్కబోయాడు.

"ఇంకెవరి కోసం అన్నా ఇది?" అన్నాడు బక్కోడు, ఆ చెయ్యి మెల్లగా తప్పిస్తూ. గొంతులో కోపం కూడా లేదు. "టైమయింది, వస్తా."

షిఫ్టు సైరన్ మోగింది. మేస్త్రీ ఎంతసేపు అక్కడే నిలబడ్డాడో, కొత్త వాచ్‌మన్ వచ్చి, "ఎవరి కోసం సార్?" అని అడిగాడు.